మావారి దగ్గుకి ముద్దాయి

మావారికి దగ్గు వచ్చింది. దగ్గు అందరికీ వస్తుంది, పోతుంది. మా ఇంట్లో మాత్రం అలా కుదరదు. ఏది వచ్చినా అది ఎవరి వల్ల వచ్చిందో తేలాలి. పాలు పొంగితే ఎవరి వల్ల, బల్బు మాడితే ఎవరి వల్ల, ఆరేసిన బట్టలు వానకి తడిస్తే ఎవరి వల్ల. ఆయన ఉద్యోగమే అది మరి. బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే ఆఫీసరు. గుద్దుకున్న కార్లనూ, తగలబడ్డ గోడౌన్లనూ, జారిపడ్డ మనుషులనూ చూసొచ్చి తప్పెవరిదో తేలుస్తారు. పెళ్ళయినప్పటి నుంచీ ఇంట్లో కూడా లెక్కలేనన్ని కేసులు తేల్చారు. ఒక్కదాంట్లోనూ తప్పు ఆయనదని తేలలేదు. ఇందులో పక్షపాతమేమీ లేదు, సాక్ష్యాలు అలా ఉన్నాయి అంటారు.

ఒకసారి సోఫా కాలికి బొటనవేలు కొట్టుకున్నారు. సోఫా అక్కడ పెట్టింది ఎవరు? నేను. ఎందుకు పెట్టాను? ఆయన పెట్టమన్నారు. ఆయన ఎందుకు పెట్టమన్నారు? కిటికీ దగ్గర గాలి బాగుంటుందని అంతకుముందెప్పుడో నేనన్నాను. కేసు కొట్టేశారు. వేలికి కట్టు మాత్రం నేనే కట్టాను.

అలాంటి మనిషికి పొడిదగ్గు పట్టుకుని ఎంతకీ వదలకపోతే ముద్దాయిని పట్టుకోకుండా ఊరుకుంటారా? పట్టుకున్నారు. పక్కింటి పిల్లి.

ఆ పిల్లి గురించి చెప్పాలి. పక్కింటి వదిన టైలరు. బడి పిల్లల యూనిఫారాలు, కర్టెన్లు, దిండు గలీబులు కుడుతుంది. మిషను ఎంతసేపు తిరుగుతుంటే అంతసేపు ఆ పిల్లి మిషను బల్ల మీద కూర్చుని సూది కదలికను కళ్ళతోనే తనిఖీ చేస్తుంది. పని ఆగితే లేచి, మిగతా వాటాలకి వెళ్ళి వంటగది గడప దాకా చూసొస్తుంది. ఎవరింట్లోనూ ఏమీ ముట్టదు, చూసి పోతుంది అంతే. అందుకని దానికి మేమందరం పెట్టిన పేరు ఇన్‌స్పెక్టరు. ఆడదని తర్వాత తెలిసింది. అప్పటికే ఆ హోదా ఖాయమైపోయింది కాబట్టి మార్చలేదు.

మావారికీ ఇన్‌స్పెక్టరుకీ మధ్య పాత తగాదా ఒకటుంది. మేడ మీద ఆయన పావురాలకి గింజలు వేస్తారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఒకసారి. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికి అందించాల్సిన మనిషి, అక్కడ మాత్రం చీపురు పట్టుకుని పావురాల రెట్టలన్నీ స్వయంగా ఊడుస్తారు. ఎండి బూడిదలా అయిన రెట్టలు, ఈకల నూగు, గింజల పొట్టు అన్నీ కలిసి పొగలా లేస్తాయి. ఆ పొగ మధ్యలో నిలబడి ఆయన "రా రా" అని పిలుస్తుంటే పావురాలు భుజాల మీద కూడా వాలతాయి. పిల్లి నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని ఇదంతా చూస్తుంది. అది కదిలితే పావురాలన్నీ ఎగిరిపోతాయి. ఆయనకి మండిపోతుంది.

ఆ పొగకీ ఈ దగ్గుకీ సంబంధం ఉండొచ్చని నేను మొదట్లోనే అన్నాను.

"పావురం అంటే శాంతికి గుర్తు," అన్నారాయన. "దానివల్ల రోగమేంటి?"

శాంతి వల్ల రోగాలు రావని మనకి బళ్ళో చెప్పలేదు గానీ, ఆయన గొంతు విని ఊరుకున్నాను.

ఇక మా మెట్ల సభ సంగతి. మాది మూడంతస్తుల పాత భవనం. ఒకటో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య మెట్ల మలుపులో ఓ కిటికీ ఉంది. దానికి అద్దం లేదు, గాలి మాత్రం ఉంది. సాయంత్రానికి కాస్త ముందు అక్కడ ముగ్గురం కూర్చుంటాం. నేను, పక్కింటి వదిన, కింది వాటా అమ్మాయి. ఆ అమ్మాయి ఒక పళ్ళ డాక్టరు దగ్గర ముందు బల్ల మీద పేర్లు రాసుకునే ఉద్యోగం చేస్తుంది. పళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు ఎదురుచూస్తూ చెప్పుకునే రోగాలన్నీ ఆ అమ్మాయి చెవిలో పడతాయి. ఆ చదువుతో మాకందరికీ వైద్యం చెబుతుంది. మేం తనని అర డాక్టరమ్మ అంటాం. తనేమీ అనుకోదు, పైగా ఆ 'అర' ఎప్పుడు తీసేస్తారని అడుగుతుంది.

మా సభలో వార్తలకి ఒక వరస ఉంది. ముందు ఇంటి వార్తలు. తర్వాత ఒంటి వార్తలు. ఆ తర్వాత పిల్లి. చివర్న పక్షులు. అర డాక్టరమ్మ తమ్ముడు జుట్టుకి రంగేసుకుంటే సగం చెవికి కూడా అంటిన వార్త, మా అత్తగారు మోకాలినొప్పికి ఫోన్లో నా చేత నూనె పేరు నాలుగుసార్లు చెప్పించుకుని, ఆఖరికి వేరే నూనె కొన్న వార్త, వదిన టైలరింగు బోర్డు వెనకాల గూడు కట్టిన గోరింకలు ఈసారి కొలత టేపు ముక్క పట్టుకుపోయి అందులో పెట్టుకున్న వార్త.

ఒంటి వార్తల్లో ముఖ్యమైనది మాత్రం వదిన వాళ్ళ నాన్నగారిది. ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి ముడుచుకుపోయింది. మాట కూడా పోయింది. వ్యాయామం చేయించే ఆయన వచ్చి ఓ రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంటాడు. నాన్నగారు ఆ బంతిని మర్యాదగా తీసుకుని, ఆయన అటు తిరగ్గానే కింద పడేస్తారు. కానీ ఇన్‌స్పెక్టరు వెళ్ళి ఒళ్ళో కూర్చుంటే ఆ ముడుచుకుపోయిన చేతిలోంచి ఒక వేలు మెల్లగా లేచి దాని చెవి వెనక గోకుతుంది. తర్వాత రెండో వేలు లేచింది.

"ఇవాళ మూడో వేలు కదిలింది వదినా," అంది వదిన ఆ రోజు. ఏడుస్తోందేమోనని చూశాను. లేదు, నోట్లో గుండుసూది పెట్టుకుని మాట్లాడుతోంది, అందుకని గొంతు అలా వచ్చింది.

"ఆ వ్యాయామం ఆయనకి ఇచ్చే ఫీజు బదులు, పిల్లికే ఒక చేప ఇవ్వండి," అంది అర డాక్టరమ్మ.

సరిగ్గా అప్పుడే మావారు దగ్గుకుంటూ మెట్లెక్కి వచ్చారు. సభ లేచి దారిచ్చింది. దారిచ్చి ఊరుకుంటే బాగుండేది. అర డాక్టరమ్మకి దగ్గు వినగానే వైద్యం వచ్చేస్తుంది.

"బావగారూ, ఆ దగ్గు పిల్లిబొచ్చు వల్ల అయ్యుంటుంది! మా క్లినిక్కులో ఒకావిడ చెప్పింది, వాళ్ళాయనకి అచ్చం ఇలాగేనట."

మావారు ఆగిపోయారు. ఆయన మొహంలో వెలుగు చూశాను. తగలబడ్డ గోడౌన్లో అగ్గిపుల్ల దొరికితే వచ్చే వెలుగు అది. పక్కనే పిల్లిగలావిడ ఉందని అర డాక్టరమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. నాలిక కరుచుకుంది గానీ, కరుచుకుంటే ఏం లాభం, అది పళ్ళ డాక్టరు కూడా బాగుచేసేది కాదు.

మర్నాటికల్లా కింద గోడ మీద కాయితం అంటించారు. మావారు మా భవన సంఘానికి సెక్రటరీ. ఎవరూ ఎన్నుకోలేదు. ఎవరూ వద్దనలేదు, అదే ఎన్నిక. నివాసుల ఆరోగ్య రీత్యా భవనంలో పెంపుడు జంతువులను నిషేధించడం గురించి ఆదివారం సాయంత్రం మేడ మీద సమావేశమట. భవనం మొత్తానికి పెంపుడు జంతువు ఒకటే. పేరు రాయలేదు, అంతే మర్యాద.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ? ముందు డాక్టరుకి చూపించుకోండి," అన్నాను.

చూపించుకున్నారు. నేనూ వెళ్ళాను. ఊపిరితిత్తుల డాక్టరు పెద్దమనిషి, నెమ్మదస్థుడు. ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "ఇంట్లో పక్షులు పెంచుతున్నారా?" అని అడిగారు.

"పెంచడం లేదు," అన్నారు మావారు.

నేను నోరు తెరిచాను. బల్ల కింద నా కాలు తొక్కారు. "పక్కింట్లో పిల్లి ఉంది డాక్టరుగారూ," అని కలిపారు. డాక్టరుగారు సరే, అదీ కారణం కావచ్చు, దూరంగా ఉండి చూడండి అన్నారు.

బయటికొచ్చాక అడిగాను, అబద్ధం ఎందుకు చెప్పారని.

"అబద్ధమేంటి? పెంచడం వేరు, మేత వేయడం వేరు. పైగా ఆయన అడిగింది ఇంట్లో అని. మేడ ఇల్లు కాదు, ఉమ్మడి ఆస్తి."

ఇలాంటి జవాబు ఎవరైనా పాలసీదారు ఇస్తే వాడి క్లెయిము అక్కడికక్కడే కొట్టేసే మనిషి ఈయన. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. మా పక్కింటి పిల్లి ఎప్పుడూ అలా తాగలేదు, కళ్ళు తెరుచుకునే తాగుతుంది.

అటు వదిన పరిస్థితి చూడబోతే, ఆవిడ అద్దెకుంటోంది. ఇంటాయన వేరే చోట ఉంటాడు. ఆయనకి మావారు ఫోన్ చేశారు. ఆయన వదినకి ఫోన్ చేశాడు. సెక్రటరీగారు చెప్పినట్టు చెయ్యి, లేదంటే వేరే ఇల్లు చూసుకో అన్నాడట.

"కుట్టుమిషను చప్పుడంటే ఎవరు ఇల్లిస్తారు వదినా? అందులో మంచానపడ్డ మనిషి," అంది వదిన మెట్ల మీద. "పిల్లిని మా పినతల్లి కొడుకు తీసుకెళ్తానన్నాడు. వాళ్ళ గోడౌన్లో ఎలుకలున్నాయట. కుక్కలు కూడా ఉన్నాయి."

"నాన్నగారికి చెప్పావా?"

"చెప్పా. అర్థమయిందో లేదో. పిల్లి మీద చెయ్యి తీయడం లేదు."

అర డాక్టరమ్మ ఆ రోజు ఒక్క రోగం కూడా చెప్పలేదు. "నా నోట్లో మా డాక్టరుగారి సిమెంటు పోసేయాలి అక్కా," అంది.

"అది పళ్ళకి పోసేది."

"పళ్ళు కలిపి పోసేస్తే నోరు తెరుచుకోదుగా."

ఆ వారంలోనే మా ఆడపడుచు ఫోన్ చేసింది. వాళ్ళాయనకి మోకాలి ఆపరేషన్ అయింది, ఇంట్లో మగదిక్కు లేదు, అన్నయ్యని కొన్నాళ్ళు పంపించమని. మావారు సెలవు పెట్టి వెళ్ళారు. వెళ్తూ పావురాల బాధ్యత నాకప్పగించారు. గింజలు ఎంత వేయాలో, ఎటు తిరిగి వేయాలో, ఏ పావురం సిగ్గరిదో అన్నీ చెప్పారు. నాకు జ్వరం వస్తే ఏ మాత్ర వేసుకోవాలో ఎప్పుడూ ఇంత వివరంగా చెప్పలేదు. సరేనన్నాను. గింజలు వేశాను గానీ, ముక్కుకి గుడ్డ కట్టుకుని, నేల తడిపి ఊడ్చాను. రెట్టలు తడిపితే పొగ లేవదు. ఇది తెలియడానికి ఇంట్లో చీపురు పట్టి ఉండాలి.

ఆయన వెళ్ళిన మూడోనాడో నాలుగోనాడో మెట్ల మీద కూర్చుని ఆడపడుచుకి ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను. సభకి వార్తలు అందాలి కదా.

"అన్నయ్యా? బ్రహ్మాండంగా ఉన్నాడు వదినా. మా ఆయన్ని నడిపించడం కంటే తనే ఎక్కువ నడుస్తున్నాడు. మా పిల్లలు ఒక్క క్షణం వదలడం లేదు."

ఆడపడుచుకి పిల్లల్లేరు. ఆవిడ పిల్లలంటే పిల్లులు. మూడు.

వదిన చేతిలో కత్తెర ఆగిపోయింది. అర డాక్టరమ్మ ఫోను మీదకి వంగింది.

"దగ్గు ఎలా ఉంది?" అన్నాను, సాధ్యమైనంత మామూలుగా.

"ఏ దగ్గు?"

"ఆయనకి దగ్గు కదా."

"ఇక్కడ ఒక్కసారి కూడా దగ్గలేదే! ఉండు, ఫోటో పంపుతా. చూస్తే నవ్వుతావు."

ఫోటో వచ్చింది. మావారు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. పొట్ట మీద ఒక పిల్లి, చంకలో ఒకటి. మూడోది గడ్డం కింద మఫ్లరులా చుట్టుకుని ఉంది. నోరు కొంచెం తెరిచి, పెళ్ళిఫోటోలో కూడా లేనంత హాయిగా ఉన్నారు.

"అక్కా, ఇది పెద్దగా ముద్రించి ఆదివారం మేడ మీద అంటిద్దాం," అంది అర డాక్టరమ్మ. "బావగారి తీర్మానం పక్కనే."

"వద్దమ్మా," అంది వదిన. "నలుగురిలో ఆయన్ని నవ్వులపాలు చేస్తే ఆ కసి మా నాన్న మీదకి మళ్ళుతుంది. అన్నయ్యగారికి నెమ్మదిగా చెప్పి చూడు వదినా."

నెమ్మదిగానే చెప్పాను. శనివారం ఆయన తిరిగొచ్చి, పెట్టె కూడా దించకుండా మేడెక్కి, గింజలు వేసి, నేను తడిపి ఊడ్చిన నేల ఆరిపోయిందని మళ్ళీ ఊడ్చి, దగ్గుకుంటూ దిగొచ్చాక చెప్పాను.

"చెల్లెలింట్లో దగ్గు లేదటగా?"

"నీళ్ళు మారాయి."

"పిల్లులు మూడున్నాయటగా?"

"ఆ పిల్లులు వేరు. అవి కాస్త శుభ్రం తెలిసినవి. బొచ్చు కూడా పొట్టి."

"అక్కడ పావురాలున్నాయా?"

"బాల్కనీలకి వలలు కట్టారు. ఒక్క పావురం లేదు. మనుషులా వాళ్ళు?"

ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది, ఆయన చెవిలోకే వెళ్ళలేదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపిస్తే, అది కుందేలుది కాదు, ఎక్కడి నుంచో వచ్చి అతుక్కుందంటారు. పావురాలని మానెయ్యమని అడగబోతే, నిజం చెప్పొద్దూ, జాలి కూడా వేసింది. ఆఫీసులో ఆయన్ని చూస్తే జనం పారిపోతారు, క్లెయిము కొట్టేస్తాడని. ఈ లోకంలో ఆయన్ని చూడగానే దగ్గరికొచ్చేవి అవే. అయితే మాత్రం, దానికి శిక్ష ఆ ముసలాయన మూడు వేళ్ళకా?

ఆదివారం వచ్చింది. సాయంత్రం మేడ మీద కుర్చీలు వేశారు. వదిన బుట్ట ఒకటి పట్టుకుని పైకొచ్చింది. కుట్టిన బట్టలు ఇచ్చొచ్చే పెద్ద మూతబుట్ట. అందులో ఇన్‌స్పెక్టరు. వదిన వాళ్ళ నాన్నగారి పాత శాలువా పరిచేసరికి దాని మీద పడుకుని నిద్రపోతోందట. పినతల్లి కొడుకు బండి తీసుకుని కిందికొచ్చేశాడు, సమావేశం అవగానే అప్పగించాలి. ఇంట్లో వదిలితే నాన్నగారు దాన్ని పట్టుకుని వదలరని పైకి తెచ్చింది.

"దీన్ని ఎక్కడ పెట్టను వదినా?" అంది గొంతు తగ్గించి.

"కాస్త నీడ చూసి పెట్టు," అన్నాను.

నీడ ఉన్నది సెక్రటరీగారి కుర్చీ పక్కన ఒక్కచోటే. అందులో నా తప్పేమీ లేదు, సూర్యుడిది.

మావారు లేచి నిలబడి తీర్మానం చదివారు. చదవడమంటే మామూలు చదవడం కాదు. పెంపుడు జంతువుల వల్ల కలిగే నష్టాలు, నివాసుల హక్కులు, సంఘం బాధ్యతలు. ఆఫీసులో రిపోర్టు రాసే ధాటి అది, మొదలైతే ఆగదు. ఎండ జరిగి అర డాక్టరమ్మ ఒళ్ళోంచి నా ఒళ్ళోకి వచ్చింది. వెనక వరసలో ఇద్దరు నిద్రలోకి జారుకున్నారు. బుట్ట ఆయన కాలికి జానెడు దూరంలో ఉంది.

"ఆఖరుగా ఒక ప్రత్యక్ష సాక్ష్యం," అన్నారు మావారు. ఇంట్లో కూడా ఈ మాట అన్నప్పుడు చూపుడువేలు ఇలాగే లేస్తుంది. "నేనింతసేపు మాట్లాడాను. ఒక్కసారైనా దగ్గానా? లేదు. కారణమేంటి? ఆ జంతువు ఈ చుట్టుపక్కల లేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?"

"మ్యావ్," అంది బుట్ట.

పెద్దగా కూడా అనలేదు. నిద్రలో లేపితే ఎవరైనా అనేంత. మావారు బుట్ట వైపు చూశారు. వదిన కంగారుగా వచ్చి మూత తీసింది. ఇన్‌స్పెక్టరు తల పైకెత్తి, ఆయన్ని ఓసారి తనిఖీ చేసి, ఆవులించింది.

"ఇది... ఇది ఎప్పుడొచ్చింది?"

"మొదట్నుంచీ ఇక్కడే ఉంది అన్నయ్యగారూ," అంది వదిన. "క్షమించండి. మీరు ఇంక చదవనక్కర్లేదు. దీన్ని ఎలాగూ పంపించేస్తున్నా. మీ ఆరోగ్యం కంటే నాకు పిల్లి ఎక్కువ కాదు."

వదిన ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. అని ఉంటే మావారు తట్టుకునేవారు. ఎత్తిపొడుపులకి జవాబులు ఆయన దగ్గర బోలెడున్నాయి.

ఆయన నోరు తెరిచే లోపల, ఇంకో సంగతి జరిగింది. పావురాల మేత వేళ అయింది. వాటికి తీర్మానాలు తెలియవు. ఆయన నిలబడి ఉన్నారు, అంతే తెలుసు. ఎదురింటి కప్పు మీద నుంచి ఒక్కసారిగా లేచొచ్చి ఆయన చుట్టూ దిగాయి. భుజం మీద ఒకటి, కాయితాల మీద ఒకటి. రెక్కల గాలికి నేల మీది ధూళంతా లేచింది. మావారు మొదలుపెట్టారు. దగ్గు, దగ్గు మీద దగ్గు. కళ్ళల్లో నీళ్ళు, మెడ మీద నరాలు. చేతిలోని తీర్మానంతోనే విసురుకున్నారు. వదిన పరిగెత్తి మంచినీళ్ళు తెచ్చింది. నేను ఆయన్ని పట్టుకుని పావురాలకి దూరంగా, మెట్ల గది దగ్గరికి నడిపించాను. నాకు నవ్వు రాలేదు. ఆ దగ్గు ఇంట్లో నేను విన్నదానికంటే లోతుగా ఉంది.

ఊపిరి అందాక ఆయన అందరి వైపూ చూశారు. నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. సాక్షులందరూ అక్కడే ఉన్నారు, సంఘటన జరిగిన చోటే.

"విచారణలో చిన్న లోపం దొర్లినట్టుంది," అన్నారు.

"దొర్లిందా, దొర్లించారా బావగారూ?" అంది అర డాక్టరమ్మ. "మీరొకరే కాదులెండి. మొదట దొర్లించింది నేనే."

"తీర్మానం ప్రస్తుతానికి వాయిదా," అన్నారు మావారు.

వదిన బుట్ట చేతిలోకి తీసుకుంది. "వాయిదా అంటే నాకు తెలియదు అన్నయ్యగారూ. కింద మావాడు బండి ఆపుకుని నిలబడ్డాడు. బుట్ట ఇవ్వాలా, ఇవ్వక్కర్లేదా?"

మావారు నా వైపు చూశారు. ఇలాంటప్పుడు ఇంట్లో అయితే సోఫా ఎవరు పెట్టారన్నది తేలుస్తారు. నేను మొహం తిప్పుకుని పావురాలని చూస్తూ నిలబడ్డాను. ఆ సిగ్గరి పావురం ఏదో ఇప్పటికీ నాకు తెలియలేదు.

"ఇవ్వక్కర్లేదు," అన్నారు.

"మరి మా ఇంటాయన అడిగితే? పిల్లి వల్లే మీకు దగ్గని మీరే చెప్పారటగా ఆయనకి. ఇప్పుడు ఏమని చెప్పను?"

ఆయన గొంతు సవరించుకున్నారు. నీళ్ళు తాగారు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా ఇంకోసారి తాగారు. తర్వాత వదినకి మాత్రమే వినపడేలా ఏదో గొణిగారు.

"ఏమన్నాడు?" అని వెనక వరసలోంచి పై అంతస్తు తాతగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగారు. "సెక్రటరీ ఏమన్నాడమ్మా? నాకు వినపడలేదు."

"నాకూ వినపడలేదు బావగారూ," అంది అర డాక్టరమ్మ. ఆ అమ్మాయి కూర్చున్నది ముందు వరసలో.

మావారు చేతిలోని కాయితాలు మడిచారు. నా వైపు చూడలేదు ఈసారి. వదిన చేతిలోని బుట్టనే చూస్తూ, ఇన్నేళ్ళ కాపురంలో నేనెప్పుడూ వినని మాట, తాతగారి చెవికి కూడా చేరేంత గట్టిగా అన్నారు.

"తప్పు నాదని అన్నానండీ! దగ్గు పావురాల వల్ల. డాక్టరు దగ్గర దాచిందీ నేనే. పిల్లిది ఏ తప్పూ లేదు. తప్పంతా నాదే!"